బాగుంది, తీసుకోండి

అమ్మడికి,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా అని రాయడం అలవాటు గనక రాస్తున్నాను. అమ్మ మటుకు నిజంగానే కులాసా. నువ్వడిగావు కదా, కంటి కట్టు విప్పేశారు. చుక్కల మందు రోజుకి నాలుగుసార్లు నేనే వేస్తున్నాను. చూపు తేటపడ్డ దగ్గర్నుంచీ ఆవిడకి ఇల్లంతా దుమ్మే కనిపిస్తోంది. "ఇన్నాళ్ళూ ఈ మురికిలోనా కాపురం చేశాం?" అంటూ నా చేత చీపురు పట్టిస్తోంది. మనవరాలికి ఊడిన ముందుపన్ను మళ్ళీ వచ్చిందో లేదో నువ్వు రాయలేదు.

ఇక ప్రమాదంలో దెబ్బతిన్న మీ బండి సంగతి. "రిపేరు చేయిస్తే రోజూ వాడుకోవడానికి పనికొస్తుందా? మొహమాటం లేకుండా చెప్పు" అన్నావు. చెప్తాను.

ముందునుంచి చూస్తే కారు, వెనకనుంచి చూస్తే లారీకి పుట్టిన పిల్ల. లారీకున్నట్టు దానికి అడుగున బరువు మోసే ఇనప చట్రం, ఛాసీ అంటామే, అది వేరుగా ఉండదు. కారుకు మల్లే ఒళ్ళంతా ఒకటే. అందుకే ఖాళీగా పోతుంటే ఒక్క కుదుపుండదు. బడికి వెళ్ళేటప్పుడు పాప వెనక సీట్లో నిద్రపోయేది గుర్తుందా? అమ్మ కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. వెనక తెరిచి ఉన్న తొట్టిలో అల్లుడి టైల్స్ పెట్టెలు, కటింగ్ మిషను పట్టేవి. లోపాలంటావా, మీ సందు మలుపులో ఒక్కసారికి తిరగదు, వెనకా ముందూ ఆడాలి. వానొస్తే తొట్టిలో సామానుకి పట్టా కప్పాలి. ఇల్లూ పనీ రెండూ ఒక్క బండితో నెట్టుకురావాలంటే అలాంటిదే కొనాలి. అల్లుడు ఎంచుకోవడంలో ఏ తప్పూ చెయ్యలేదు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు మూడు కాగితాలు చిరిగాయి.

కానీ ఆ బండిని మాత్రం బాగుచేయించొద్దు. ఎందుకో చెప్పాలంటే నువ్వు రాసిన రెండో సంగతికి రావాలి.

"మోయలేనంత బరువేశాడు నాన్నా. ఆ రోజు పాపకి జ్వరం వచ్చి బడి మానింది గానీ, లేకపోతే అందులోనే ఉండేది. ఇరవై రోజులైంది ఆయనతో మాట్లాడి. అన్నం పెడుతున్నాను, మాట పెట్టడం లేదు. నువ్వైనా ఒక ఉత్తరం రాసి బాగా గడ్డి పెట్టు" అని రాశావు.

అది చదివి నేను సంతోషించానమ్మా. వేరే మాటేదైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. మంచం మీద మోకాలికి కట్టుతో పడున్న మనిషిని నా కూతురు తిడుతోంటే నాకు సంతోషం వేసింది.

కొనేముందు బండిని మా రిపేరు షెడ్డుకి తెచ్చారు కదా. నువ్వు బయట కుర్చీలో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. నేను జాకీ ఎత్తి కిందకి దూరాను. ఎడమ వెనక చక్రం పైన, చక్రాన్ని బండికి పట్టి ఉంచే చోట, నల్లరంగు కొత్తగా మెరుస్తోంది. చుట్టూ అంతా పాతదే. గోటితో గీకాను. కింద వెల్డింగు గీత బయటపడింది. ఎప్పుడో గుద్దేస్తే అక్కడ కోసి అతికించారు. ఖాళీగా తిరిగితే ఏళ్ళు గడిచేవేమో, టైల్స్ మోస్తే నిలవదు. ముప్ఫై రెండేళ్ళు పానా పట్టినవాణ్ణి, నాకు తెలియదా?

చెబుదామనే బయటికి జరుగుతున్నాను. ఇంతలో అల్లుడు అమ్మేవాడితో నవ్వుతూ అంటున్నాడు, "మా మామయ్యకి లారీలు తెలుసండీ. ఇలాంటివి ఆయన కాలంలో ఎక్కడివి? మామయ్యా, కిందేం వెతుకుతారు గానీ, ఇంజను చప్పుడు విని చెప్పండి చాలు."

షెడ్డులో నా చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఒకడైతే మొహం తిప్పుకున్నాడు.

నేను లేచాను. గుడ్డతో చేతులు తుడుచుకున్నాను. ఇంజను స్టార్ట్ చేయించి, చెవి పెట్టి విన్నట్టు నటించి, "బాగుంది, తీసుకోండి" అన్నాను.

రెండు రోజులు కోపం, తర్వాత చెబుదాం అనుకున్నాను. అప్పటికే మీరు బండి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో పంపారు. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని ఊరుకున్నాను. నాలుగు నెలలు అలా ఊరుకున్నాను. అందులోనే రోజూ పాప బడికి వెళ్తోందని తెలిసీ ఊరుకున్నాను.

ప్రమాదం జరిగాక వర్క్‌షాప్‌లో బండిని చూశాను. సరిగ్గా ఆ అతుకు దగ్గరే నోరు తెరుచుకుంది. అక్కడి మేస్త్రీ "ఓవర్‌లోడు, పెద్దాయనా" అన్నాడు. నేను తలూపాను. ఆసుపత్రిలో నువ్వు మీ ఆయన్ని పట్టుకుని "లెక్కాపత్రం లేకుండా ఎక్కిస్తావా?" అని అరుస్తున్నప్పుడూ పక్కనే ఉన్నాను. అతను "పద్దెనిమిది పెట్టెలేనే, లెక్కపెట్టే ఎక్కించాను" అన్నాడు. పద్దెనిమిది దానికి బరువే కాదమ్మా. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

ఫోన్లో చెబుదామని రెండుసార్లు చేశాను. నువ్వు "నాన్నా" అనగానే అమ్మ కన్ను గురించి మాట్లాడి పెట్టేశాను.

నిన్న మళ్ళీ ఆ వర్క్‌షాప్‌కి వెళ్ళాను. అది పాత అతుకని, బరువు వల్ల కాదని కాగితం మీద రాయమన్నాను. "మీకెలా తెలుసు?" అన్నాడు మేస్త్రీ. "కొనకముందే చూశాను" అన్నాను. నీతో చెప్పాల్సిన మాట ముందుగా ఒక పరాయివాడి ముందు బయటికొచ్చింది. అంతకుముందు నాకోసం తెప్పించిన టీ అలాగే ఉంది, తాగమనలేదు. రాసి, కాగితం నావైపు తోసి, "మీరు కూడా సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను. అదే ఈ ఉత్తరంతో జతపరిచాను.

అమ్మకి ఇవాళ పొద్దున చెప్పాను. చీపురు గోడకి ఆనించి లోపలికెళ్ళింది. ఇంకా బయటికి రాలేదు.

మీ ఆయన నన్ను ఒక్క మాటన్నాడు, అదీ సరదాకి. దానికి నేనిచ్చిన జవాబు అతని మోకాలు. పాపకి ఆ రోజు జ్వరం రాకపోతే ఏమయ్యేదో నువ్వు ఒక్కసారి రాశావు, నేను రోజూ అనుకుంటున్నాను. క్షమించమని అడగను. అడిగితే అది కూడా నీ నెత్తిన బరువే. అతని మంచం పక్కన కూర్చుని ఈ ఉత్తరం మొదట్నుంచీ చదివి వినిపించు. ముందు అతనితో మాట్లాడు. నాతో మాట్లాడాలా వద్దా అన్నది ఆ తర్వాత సంగతి.

ఇట్లు,
చూసి కూడా చెప్పని
మీ నాన్న