తొమ్మిది నుంచి ఐదు దాకా మేడ బంద్

మే 4, ఆదివారం. ఉదయం 7.15

ఈ రోజు నుంచి పగలు తొమ్మిదికీ సాయంత్రం ఐదుకీ మధ్య మేడ మీద కాలు పెట్టను. ఇది నా నిర్ణయం. (మా ఆవిడ మహేశ్వరి నిర్ణయం కూడా. ముందు ఆవిడ తీసుకుంది, తర్వాత నేను తీసుకున్నాను.)

కారణం రాసి పెట్టుకోవాలి. మొన్న శుక్రవారం మధ్యాహ్నం టమాటా మొక్కలకు కర్రలు కడుతూ వంగ కుండీల మధ్య పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి డాక్టర్ దేవీప్రసాద్ గారి దగ్గర బల్ల మీద ఉన్నాను. రెండు సెలైన్ సీసాలు!

"డాక్టరు గారూ, ముప్ఫైనాలుగేళ్ళు ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడ్డాను. కరిగిన ఇనుము పక్కన టీ తాగినవాణ్ణి. నాకు ఎండదెబ్బేమిటండీ?" అన్నాను.

"అప్పుడు షిఫ్టు అయిపోతే ఇంటికి పంపేసేవారు గురునాథరావు గారూ. ఇప్పుడు మిమ్మల్ని ఎవరు పంపుతారు?"

"నాను పంపుతాను" అంది మహేశ్వరి.

జనవరిలో రిటైరయ్యాను. అప్పటి నుంచి మేడ మీద నలభయ్యారు కుండీలు పెంచాను. ఇప్పుడు మేడ తాళంచెవి ఆవిడ దగ్గర. పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు ఇస్తుందట. సాయంత్రం మళ్ళీ ఐదుకు.

పరవాలేదు. ఇంట్లో చేసే పనులు లేవా?

1. అటక దులపాలి.
2. ఫ్యాన్లు తుడవాలి.
3. పాత ఫొటోలు ఆల్బంలో అతికించాలి.
4. కారుతున్న కుళాయి బాగుచెయ్యాలి.
5. ఆత్మకథ రాయాలి.

జూన్ దాకా సరిపోతాయి. చాలా ఉత్సాహంగా ఉంది!


మే 5, సోమవారం

9.00. తాళం పడింది. పని మొదలు!

11.40. జాబితా అయిపోయింది.

అటకలో అనుకున్నంత దుమ్ము లేదు. ఫొటోలు ఎప్పుడో మహేశ్వరి అతికించేసిందట. కుళాయి ముందు ఒక చోట కారేది, ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది. ఆత్మకథ ఒకటిన్నర పేజీ వచ్చింది. తణుకు దగ్గర పుట్టాను, వైజాగ్ వచ్చాను, ఫ్యాక్టరీలో చేరాను, రిటైరయ్యాను. ఆ తర్వాత ఏం రాయాలో తెలియక మొక్కల గురించి రాశాను. అది నిబంధనకు విరుద్ధమేమోనని కొట్టేశాను.

ఐదు కావడానికి ఇంకా ఐదు గంటల ఇరవై నిమిషాలు.


మే 6, మంగళవారం

గొప్ప ఆలోచన వచ్చింది. వంటిల్లు!

ఫ్యాక్టరీ స్టోర్స్‌లో లాగా ప్రతి డబ్బాకూ నంబరు అతికించాను. ఎ వరుస పప్పులు, బి వరుస పిండ్లు, సి వరుస పొడులు. రిజిస్టరు తయారుచేసి తలుపుకు వేలాడదీశాను. నాలుగు గంటలు పట్టింది. ఒక్కసారి కూడా మేడ గుర్తు రాలేదు. (రెండుసార్లు వచ్చింది.)

4.30. టీలో సి-4 బదులు సి-14 పడింది. సి-14 అంటే ఉప్పు.

"ఉప్పుకి నంబరేటండీ? ముప్పై రెండేళ్ళ నుంచి కళ్ళు మూసుకుని వండతన్నాను. ఇప్పుడు కళ్ళజోడు ఎట్టుకుని, రిజిస్టరు సూసుకుని పోపెయ్యాలా?"

నంబర్లన్నీ పీకేశాను. దానికి ఇంకో అరగంట పట్టింది. మంచిదే, ఐదయింది.


మే 7, బుధవారం

మేడ మీదకు వెళ్ళకూడదన్నారు గానీ, చూడకూడదని ఎవరూ అనలేదు.

పక్కింటి కామరాజుది కూడా మా ఫ్యాక్టరీయే, క్రేన్ ఆపరేటరు. వాళ్ళ మేడగది కిటికీలోంచి చూస్తే నా కుండీలన్నీ కనిపిస్తాయి. గంటకోసారి వీడియో కాల్ చెయ్యమన్నాను.

10.00. బెండ నిలబడే ఉంది.

10.30. గేటు దగ్గర పోతమ్మ. గంగవరం నుంచి చేపలు తెస్తుంది.

"ఏటి బాబూ, పగలే తలుపులేసుకుని సీకట్లో కూకున్నారు? ఒంట్లో బాగోలేదా?"

నా నిర్ణయం గురించి వివరంగా చెప్పాను. గంప దించి, నవ్వింది.

"మీకు ఎండొద్దంటే తలుపేసుకుంటారు. నాకొద్దంటే ఈ గంప ఎవులు మోత్తారు బాబూ?"

లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. రెండు గ్లాసులు తాగింది. "మరపడవలకి వేట బందు కదా, ఇవి తెప్ప మీద వచ్చినవి" అని చిన్న నెత్తళ్ళ చేపలు ఓ గుప్పెడు ఎక్కువే వేసి వెళ్ళింది. కాసేపు నా ఉత్సాహం తగ్గింది.

3.00. కామరాజు కాల్.

"ఆనపపాదు ఎలా ఉంది బావా?"

"బాగున్నాది బావ. మట్టి కూడా తడిగానే ఉన్నాది."

"ఈ ఎండలో మూడింటికి తడేమిటి?"

ఫోన్‌లో కామరాజు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మరి... సముద్రపు గాలి కదేటి. తేమ!"

నిజమే. ఈ ఊళ్ళో చొక్కాయే పిండుకోవాల్సి వస్తోంది, మట్టి తడవదా?


మే 8, గురువారం

నేను మేడ మీదకు వెళ్ళకూడదు. మేడ కిందకు రాకూడదని లేదు!

6.30. పుదీనా కుండీ కిందకు తెచ్చాను. పుదీనా మొక్క కాదు, వంట సామాను.

7.00. కొత్తిమీర, కరివేపాకు. అవీ వంట సామానే.

7.40. పచ్చిమిర్చి, టమాటా, వంగ. న్యాయంగా చూస్తే ఇవీ అంతే.

8.20. మల్లె, కనకాంబరం. పూజ సామాను.

8.55. హాల్లో పదిహేడు కుండీలు. ఫ్యాను గాలికి ఆకులు ఊగుతుంటే కళ్ళకు ఎంత హాయిగా ఉందో!

1.15. చీమలు.

1.30. చాలా చీమలు. మల్లె కుండీ నుంచి బయల్దేరి, టీవీ వెనక నుంచి, వంటింట్లో పంచదార దాకా ఒకటే వరుస.

2.00. చీమల మీద పైపు పెడితే బురదనీళ్ళు హాలంతా పారాయి. పైపు హాల్లోకి ఎందుకు వచ్చిందని మహేశ్వరి అడిగింది. నేనే తెచ్చానని చెప్పలేదు. ఇంకెవరున్నారు ఇంట్లో?


మే 9, శుక్రవారం

"సోఫాలో వంగమొక్క కూకుంటే నానెక్కడ కూకోవాలి?"

పదిహేడు కుండీలూ మేడ ఎక్కాయి. ఒక్కొక్కటీ నేనే మోశాను. నడుం పట్టేసింది. ఇంతకన్నా ఎండదెబ్బే నయం.


మే 10, శనివారం

ఫోన్ ముప్ఫై ఏడు డిగ్రీలంటోంది. ఒంటికి నలభై ఆరులా తగులుతుందని కింద రాశాడు. మధ్యాహ్నం ఉక్కకు గోడలు కూడా చెమట పడుతున్నట్టున్నాయి.

ఈ రోజు చేసిన పనులు:
10 నుంచి 11 దాకా పేపరు చదివాను.
11 నుంచి 12 దాకా అదే పేపరు.
2 నుంచి 3.30 దాకా నిద్ర. ఇదీ పనే. మనసు పెట్టి చేశాను.

ఈ నిద్ర మహేశ్వరికి బాగా నచ్చింది. నాలుగు రోజుల నుంచి చూస్తున్నాను. "పడుకోండి, పడుకోండి" అంటూ కర్టెన్లు వేసి, ఫ్యాను పెంచి, గది తలుపు దగ్గరగా లాగి మరీ వెళుతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత మర్యాద చెయ్యలేదు.


మే 11, ఆదివారం

నిర్ణయానికి చిన్న సవరణలు:

తొమ్మిది అంటే తొమ్మిదిన్నర కూడా తొమ్మిదే.
మేడ మెట్లు మేడ కావు.
ఆదివారం లెక్కలోకి రాదు.

మహేశ్వరి చదివి, మూడూ కొట్టేసింది. పెన్ను నాదే.

కాస్త గట్టిగానే మాటలయ్యాయి. "నేనేమైనా చిన్నపిల్లాడినా, తాళం వేసి పెడతావు?" అన్నాను. "సిన్నపిల్లలైతే సెప్తే ఇంటారు" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, అటు తిరిగి నిలబడి అంది. "ఆ రోజు మేడ మీద మీ మొహం మీరు సూసుకోలేదు. నాను సూసాను."

నిర్ణయం కొనసాగుతుంది. సవరణలు లేవు.


మే 12, సోమవారం. సాయంత్రం 6.30

జరిగింది జరిగినట్టు రాయాలి.

1.40కి కరెంటు పోయింది. ఫ్యాను లేదు, నిద్ర లేదు. పక్క మీద దొర్లుతున్నాను. ఈ ఎండకు ఆనపపాదు పిందెలు రాలిపోతుంటాయి. పదకొండు పిందెలు. పేర్లు పెట్టలేదంతే.

2.10. ఇక నావల్ల కాలేదు. రెండే రెండు నిమిషాలు. ఒక్క బకెట్టు. ఎవరికి తెలుస్తుంది?

మహేశ్వరి తాళంచెవి పోపుల డబ్బాలో మెంతుల కింద పెడుతుందని నాకు తెలుసు. నంబర్లు వేసినప్పుడే చూశాను. మూత తీశాను. మెంతులున్నాయి. తాళంచెవి లేదు. వంటింట్లో ఆవిడా లేదు. పెరట్లో లేదు.

మెట్లెక్కాను. మేడ తలుపు తీసే ఉంది.

మహేశ్వరి ఆనపపాదు పక్కన గోడకు ఆనుకుని కూలబడి ఉంది. బకెట్టు పడిపోయి ఉంది. నీళ్ళు ఆవిడ చీర కుచ్చెళ్ళ కింద నుంచి పారుతున్నాయి. మొహం ఎర్రగా కందిపోయింది. పిలిస్తే "ఊఁ" అంటోంది గానీ కళ్ళు తెరవడం లేదు.

అరిచాను. కామరాజు పిట్టగోడ దాటి వచ్చాడు. అరవై రెండేళ్ళ మనిషి ఎలా దూకాడో తెలియదు. ఇద్దరం మోసుకుని కిందకు దించాం. తడిగుడ్డ చుట్టాను. నీళ్ళు చల్లాను. ఆటోలో దారంతా పేపరుతో విసురుతూనే ఉన్నాను.

దేవీప్రసాద్ గారు చూసి, "ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేది. సమయానికి ఎవరు చూశారు?" అన్నారు.

నేను చూశాను. మేడ మీదకు వెళ్ళనని చెప్పి, దొంగతనంగా వెళ్ళి చూశాను. ఇది సిగ్గుపడాల్సిన విషయమో కాదో ఇప్పుడు తేల్చుకోలేను.


మే 13, మంగళవారం

ఇంటికి తెచ్చాను. కులాసాగా ఉంది. పొద్దున గంజి తాగింది. నేను కాచిందే. ఉప్పెక్కువైందని తిట్టింది కూడా. హమ్మయ్య.

10.30. అడిగాను. "ఎప్పటి నుంచి?"

సీలింగు వైపు చూస్తూ చెప్పింది. "పోయిన మంగళవారం నుంచి. మీరు నిద్రపోయాక రెండు బకెట్లు పోసి వచ్చీదాన్ని. ఆ మొక్కలు సచ్చిపోతే మీరు ఏటైపోతారో అని."

"నాకు చెప్పొచ్చు కదా?"

"సెప్తే మీరెల్తారు."

"నువ్వు వెళ్తే నీకు ఎండ తగలదా?"

"నాను కొలిమి ముందు నిలబడలేదు కాబట్టి నాకు బయముంటాది, తొందరగా దిగిపోతాననుకున్నాను. నిన్న ఇంకో బకెట్టు పోద్దామని ఆగాను. ఆ సివర పిందె..." అని ఆగి నా వైపు తిరిగింది. "ఎలగున్నాది అది?"

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆవిడ అడిగిన తీరుకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చాయి. చెంబు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

11.15. కామరాజు వచ్చాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"సెప్పొద్దని సెల్లి ఒట్టేయించుకున్నాది బావ. అందుకే తేమన్నాను. నువ్వు నమ్మీసావ్. తేమకి కుండీలో మట్టి తడుస్తాదేటి బావ?"

అందరూ కలిసి నన్ను మోసం చేశారు. నేను మాత్రం ఎంచక్కా పడుకుని, దాన్ని పని కింద రాసుకున్నాను.

5.30. ఇప్పుడే చూసుకున్నాను. పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. మేడ గుర్తే రాలేదు. ఈసారి నిజంగానే.


మే 15, గురువారం

మొదటి రోజు. (రెండోసారి.)

ఈ రోజు నుంచి పగలు తొమ్మిదికీ ఐదుకీ మధ్య మేడ మీద ఎవరూ కాలు పెట్టరు. నేనూ, మహేశ్వరీ. ఇద్దరం సంతకాలు పెట్టాం. కుండీలన్నీ తెల్లారగానే గోడ నీడలోకి జరిపి, కామరాజు సాయంతో పైన గ్రీన్ నెట్ కట్టేశాను. నాలుగు మొక్కలు పోయాయి. పోనీ.

9.00. తాళం వేశాం. చెవి టీవీ మీద, అందరికీ కనిపించేలా పెట్టాం.

9.10. ఇద్దరం హాల్లో కూర్చున్నాం. ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిడను చూశాను. ముప్ఫైనాలుగేళ్ళ షిఫ్టు డ్యూటీల్లో పగటిపూట ఇలా ఖాళీగా ఎదురెదురుగా కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇప్పుడేటి సేద్దాం?" అంది.

9.40. కామరాజు ఇంటి నుంచి క్యారమ్ బోర్డు తెచ్చాను. ఆవిడకు ఆట నేర్పిద్దామని. పాపం, నీరసంగా ఉంది, కాస్త కాలక్షేపం అవుతుంది.

10.15. మొదటి ఆట నేను ఓడాను. కావాలనే.

10.50. రెండో ఆట. కావాలని కాదు.

12.00. ఐదో ఆట. "నువ్విది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను. స్ట్రైకరుకు పౌడరు అద్దుతూ చెప్పింది. "అనకాపల్లి కాలేజీలో మూడేళ్ళు నానే ఫస్టు. కప్పులు మా పుట్టింట్లో ఉన్నాయి."

"ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారి చెప్పలేదే!"

"మీరు అడగలేదు కదేటి. పక్కకి జరగండి, ఎరుపు కొట్టాల."

ఎర్రకాయ పడింది. దాని వెనకే, దాన్ని దక్కించే కవరు కాయా పడింది.

3.30. ఈ రోజు నిద్ర రద్దు. పదకొండు ఆటలు. నేను సున్నా. రేపటి నుంచి తొమ్మిదికే ప్రాక్టీసు మొదలుపెట్టాలి. మూల కాయలు నా బలహీనత. పట్టుదల ఉంటే వారంలో ఒక్క ఆటైనా గెలవనా?

5.40. ఫోన్ మోగింది. స్పీకరు నొక్కాను.

"బావా, ఐదైపోయి నలబై నిమిసాలైంది. తాళమింకా తియ్యలేదు, బాగున్నారా? నెట్ కింద మొక్కలు వాడిపోతన్నాయి. నీళ్ళెవులు పోత్తారు?"

మహేశ్వరి బోర్డు మీద నుంచి తల ఎత్తలేదు.

"అన్నయ్యా, ఈ ఒక్క పూటకి మీరే పోసీండి. మాకు పనున్నాది."