ప్రభువు బల్ల మీది పందెం కప్పు

గిద్దలూరు క్యాంపులో ఉన్న కర్నూలు జిల్లా కలెక్టరు దొరవారి సముఖమునకు, మార్కాపురం తాలూకా ఎర్రబావిపల్లె క్రైస్తవపాలెం కాపురస్థుడు, కూలి ఆశీర్వాదం కుమారుడు ఏబేలు, ఇంటర్మీడియట్ ఫెయిలు, మైలు పరుగులో ఫస్టు, వ్రాసుకొన్న అర్జీ.

1939 జూన్.

విషయం: కాలేజీవారు నా ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టు ఆపి ఉంచడం గురించి, మా చర్చివారు కాలేజీవారి కప్పు ఆపి ఉంచడం గురించి, ఈ రెంటి నడుమ నేను ఆగిపోవడం గురించి.

అయ్యా,

దిగువ సంగతులు తమ దివ్యచిత్తమునకు తెచ్చుకొంటున్నాను. కాలేజీ పేరు విడికాగితంలో వ్రాసి జతపరచినాను. ఇక్కడ వ్రాస్తే వారికి ఇంకా కోపం రాగలదు.

1. పరుగు నేను కోరి నేర్చుకొన్నది కాదు. మా నాయన రెడ్లగారి చేలో జీతగాడు. సంగటి చల్లారితే నోట పెట్టడు. అందుచేత మా అమ్మ ఎలీషబా ముంత నా చేతికిచ్చి, "ఉరుకు నాయనా, ఆవిరి పోకముందే ఉరుకు" అని పంపేది. ఆ ఉరుకే హైస్కూలు పోటీలలో చూసి, ఒక కాలేజీ గేమ్సు మాస్టరుగారు నన్ను ఫీజు లేకుండా, హాస్టలు భోజనంతో సహా తీసుకొనిపోయినారు. మా పాలెంలో కాలేజీ గడప తొక్కినవాడు నాకు ముందు లేడు.

2. సదరు మాస్టరుగారు నాతో ఇట్లా సెలవిచ్చినారు: "క్లాసుకు పోయి ఏం చేస్తావోయ్? చదివేవాళ్ళు బెంచీకి అయిదుగురున్నారు. నీలాగా పరుగెత్తేవాడు ఒక్కడే. పోయి పడుకో, సాయంత్రం గ్రౌండుకు రా." పెద్దల మాట జవదాటరాదు గనుక లెక్కల క్లాసు జరిగేటప్పుడు నేను పడుకొన్నాను. ప్రిన్సిపాలుగారు అతిథులకు నన్ను చూపి, "మా కాలేజీకి కాళ్ళు ఇతడే" అనేవారు. తల ఎవరని నేను అడగలేదు. ఆ మాటకు నాకు సంతోషంగానే ఉండేదని దాచకుండా మనవి చేసుకొంటున్నాను.

3. మొదటి ఏడాది మైలు పందెంలో వెండి కప్పు గెలిచి సెలవులకు ఇంటికి తెచ్చినాను. అప్పటికి మా చర్చిలో ప్రభురాత్రి భోజనానికి సొట్టలు పడిన సత్తు గ్లాసు ఉండేది. మా అమ్మ నన్ను ఒక్క మాట అడగకుండా కప్పును చింతపండుతో తోమి, కొత్త గుడ్డలో చుట్టి, పాదిరి అయ్యగారి చేతిలో పెట్టింది. అయ్యగారు ప్రార్థన చేసి బల్ల మీద నిలిపినారు. ఈ కప్పు ఏటేటా వాపసు ఇవ్వవలసినదని పట్నం పిల్లలకు పుట్టుకతోనే తెలిసినట్టున్నది. నాకు చెప్పినవారు లేరు.

ఇంకొక సంగతి. కప్పు మీద మునుపు గెలిచిన విద్యార్థుల పేర్లు చెక్కి ఉన్నవి. వారెవరో గొప్ప దాతలని మా సంఘం వారు తలచినారు. నెలనెలా భోజనానికి ముందు అయ్యగారు ఆ పేర్లు చదవడం, సంఘమంతా వారి ఆరోగ్యం కొరకు ప్రార్థించడం ఆచారమైపోయింది. వారిలో ఇద్దరు అయ్యంగార్లు, ఒకరు శాస్త్రిగారు. మా పుష్పమ్మ అవ్వ శాస్త్రిగారి కొరకు కన్నీళ్ళతో ప్రార్థిస్తుంది. వారికి ఈ సంగతి తెలియకపోవడమే ఉభయులకూ క్షేమం.

4. రెండవ ఏడాది పందెంలో నా కుడి మడమ వెనుక నరం తెగింది. పడిపోయినాను. అటుపిమ్మట పరీక్షలోనూ పడినాను. ఫ్రీ సీటు పోయింది. సర్టిఫికెట్టు కొరకు కుంటుతూ వెళ్ళగా గేమ్సు మాస్టరుగారు ఒక కొత్త కుర్రవాడికి పరుగు నేర్పుతున్నారు. నన్ను చూసి "కప్పు తెచ్చినావా?" అన్నారు. కాలెట్లా ఉన్నదని అడగలేదు. కప్పు ఇస్తేనే సర్టిఫికెట్టు అని ఆఫీసులో చెప్పినారు.

5. మద్రాసులో డ్రిల్లు మాస్టర్ల ట్రైనింగుకు నాకు చోటు దొరికింది. ఈ నెలాఖరులోగా ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టుతో హాజరు కాకపోతే ఆ చోటు వేరొకరికి పోవును. ఉరకలేనివాడు ఉరకడం నేర్పగలడు గదా అని ఒక్క ఆశ. అదీ పోతే నాకు రెండోది లేదు. నాగలి పట్టడం రాదు, చదువు రాలేదు. కూలికి పోతే మేస్త్రీ అంకన్న "కాలేజీ కాళ్ళు వచ్చినాయి, జరగండి జరగండి" అంటాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇంటికి వచ్చిన తరువాత నవ్వు రాదు. పరుగు తీసివేస్తే ఏబేలు అనేవాడు ఎవడో నాకు తెలియదు, తెలిసినవారు ఉంటే చెప్పించవలసినదని ఈ సందర్భంగా కోరుతున్నాను.

6. కప్పు కొరకు సంఘం ఎదుట నిలబడినాను. సంఘపెద్ద చెంచయ్య తాత నా మాట అంతా విని, "ప్రభువు బల్ల ఎక్కిన గిన్నెను మళ్ళా ఆటల బల్ల మీదికి దింపేది ఎట్లరా? ఇచ్చినోడివి నువ్వే, అడిగేటోడివి నువ్వేనా?" అన్నాడు.

"ఇచ్చింది అమ్మ, తాతా. అది నాది గాదు, కాలేజీది."

"అట్లయితే కాలేజీనే వచ్చి ప్రభువును అడగమను."

మా నాయన నా పక్షాన మాట్లాడతాడనుకొన్నాను. అతడు, "ఊరి బాయికాడ దోసిలి పడితే పైనుంచి పోస్తారు, తాగుతాము. దుకాణంలో కొబ్బరిచిప్పలో పోస్తారు, తాగుతాము. మేము వెండికి మూతి ఆనించేది ఆ ఒక్కచోటే గదరా ఏబేలూ" అన్నాడు.

 

చివరకు చెంచయ్య తాత, "ఇట్లాంటిదే ఇంకొకటి గెల్చకరా. అది బల్ల మీద పెట్టి ఇది తీసకపో" అని తీర్పు చెప్పినాడు. సంఘమంతా ఆమేన్ అన్నది. నా మడమ సంగతి నేను చెప్పబోతే, "నీకు ఉరకడం ఒక లెక్కనా, నాయనా" అని మా అమ్మ నా తల నిమిరింది.

7. కాబట్టి దొరవారు నాయందు దయయుంచి, కప్పుతో నిమిత్తం లేకుండా నా సర్టిఫికెట్టు ఇప్పించవలసినదిగా సదరు కాలేజీవారికి తాకీదు పంపించ ప్రార్థన. పోలీసు జవానును పంపి చర్చిలోని కప్పును స్వాధీనం చేసుకొనడం మాత్రం వద్దు. అట్లా జరిగితే నాకు సర్టిఫికెట్టు ఉంటుంది గాని ఊరు ఉండదు. కప్పు అక్కడే ఉండవలెను, కాలేజీకి కోపం రాకూడదు, నేను నెలాఖరుకు మద్రాసులో ఉండవలెను. ఈ మూడూ ఒకేసారి ఎట్లా కుదురునో నాకు తోచలేదు. అందుకనే తమకు వ్రాసినాను.

నిస్సహాయుని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు, ప్రస్తుతం ఎక్కడికీ ఉరకలేనివాడు,
ఆ. ఏబేలు

తాజాకలం: అయ్యా, పైది ముగించి క్యాంపు గుమాస్తాగారికి ఇవ్వబోతే వారు నన్ను పోల్చినారు. "నువ్వు ఏబేలువు గాదూ? దొరవారు అర్జీలు రేపు చూస్తారో లేదో. సాయంత్రం చక్రవర్తిగారి జన్మదినం ఆటలున్నాయి. మైలు పందానికి వెండి కప్పు. గెలువు, దొరవారు స్వయంగా ఇస్తారు, అప్పుడు అర్జీ చేతికే ఇయ్యవచ్చు" అని, నేను ఊ అనేలోగానే నా పేరు వ్రాయించినారు.

ఆ కప్పు మాకే ఉంటుందా అని ముందుగానే అడిగినాను. ఈసారి అడగడం నేర్చుకొన్నాను. "అదెట్లా? వచ్చే ఏడు వాపసు ఇయ్యాల" అన్నారు. అనగా ఇది బల్ల మీద పెట్టి అది విడిపించుకొంటే, వచ్చే ఏడు ఇది విడిపించడానికి మళ్ళా ఉరకవలెను. ఆ పై ఏడు కూడా.

మా అమ్మ, పుష్పమ్మ అవ్వ రైలు దిగి నాతోనే వచ్చినారు. పందెం సంగతి వినగానే వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నారు. కప్పు చుట్టడానికని మా అమ్మ అప్పటికప్పుడు సంతలో కొత్త గుడ్డ తీసుకొన్నది. ఆమెకు తెలియకుండా ఆ గుడ్డతోనే మడమకు కట్టు కట్టుకొన్నాను. పేర్లు పిలుస్తున్నారు.