గుమ్మం బయటి చేతులు

బందరు,
12 ఆగస్టు 2003

చిరంజీవి నాగేశ్వరమ్మా,

ఆశీస్సులు. ఈ ఉత్తరంలో వాటి వంతు ఇంతే, మిగిలినదంతా కోపం.

నా శిష్యురాలు ప్రధానోపాధ్యాయురాలై, పెడనలో మూడో తరగతి పిల్లలకు కంప్యూటరు మీద లెక్కలు నేర్పుతున్నదని, వచ్చి చూడమన్నదని, ఇస్త్రీ పంచె కట్టుకొని బస్సెక్కాను. గది తలుపు మీద నీ చేతివ్రాత కనిపించింది: "చేతులు శుభ్రముగా ఉన్నవారు మాత్రమే లోనికి రావలెను." వాక్యంలో దోషం లేదు. దోషమంతా దాని వెనుకనున్న బుద్ధిలో ఉంది.

తెర మీద పువ్వులు వచ్చాయి. ధనుష్ అనే పిల్లవాడు ఒక్కొక్క పువ్వునూ లెక్కపెడుతూ, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడు గుమ్మం బయటినుండి ఒక గొంతు వినబడింది: "ఇరవైనాలుగురా! నాలుగు వరసలు, వరసకి ఆరచ్చులు!"

ఆ గొంతు అద్దకం పనిచేసే నరసయ్య కూతురు సాయిదుర్గది. రోజూ సాయంత్రం బడి విడిచాక తండ్రి పక్కన నిలబడి గుడ్డ మీద చెక్క అచ్చులు వేసే పిల్లకు ఎక్కాలు ఎవరు నేర్పాలి? సంబరంగా ఒక అడుగు లోపలికి వేసింది. నువ్వేమన్నావు?

"ఆగవే! మౌసుకి నలుపంటుద్ది. కడుక్కుని రా."

"మూడుసార్లు కడిగానండీ. పోవట్లేదండీ."

"పోయాకే రా."

కలంకారీ నలుపు వారానికైనా పోదని పెడనలో పుట్టిన నీకు తెలియదా? పోయేలోగా మళ్ళీ అంటుకుంటుంది. గుమ్మం బయట ఐదుగురు నిలబడ్డారు. అందరూ అద్దకపువాళ్ళ పిల్లలే. దాతలు యంత్రాన్ని పిల్లలకిచ్చారా, నువ్వు దాని మీద కప్పిన ముసుగుగుడ్డకిచ్చారా? ఇటువంటి నియమం నీకు నేర్పిన గురువెవరో చెప్పు, నిలదీస్తాను. ఆ కాగితం చింపేవరకు నీ బడి గడప తొక్కను.

శోభనాద్రి

పెడన,
17 ఆగస్టు 2003

పూజ్యులైన మాష్టారు గారికి,

నమస్కారాలు. ఆ గురువు మీరేనండీ.

నేను నాలుగో తరగతిలో ఉండగా మన బడికి కొత్త గ్లోబు వచ్చింది. అందరిచేతా తిప్పించారు. మా నాన్నదీ అద్దకం పనే కదా. నా వంతు వచ్చేసరికి, "ముందు చేతులు కడుక్కొని రావమ్మా" అన్నారు. కసరలేదు, నవ్వుతూనే అన్నారు. బోరింగు దగ్గర ఇటుకముక్కతో తోముకున్నాను. తోలు లేచింది, నలుపు పోలేదు. ఆ ఏడాది నేను గ్లోబు ముట్టుకోలేదు. మీరు అడగనూ లేదు.

మీ మీద కోపం రాలేదండీ. మాష్టారు చెప్పారు కాబట్టి అదే పద్ధతి అనుకున్నాను. పాఠం చెప్పడం మీ దగ్గరే నేర్చుకున్నాను; ఇదీ మీ దగ్గరే నేర్చుకున్నాను. కాగితం చింపుతాను. చింపేముందు ఒక్క మాట మీ నోట వినాలని ఉంది.

మీ శిష్యురాలు,
నాగేశ్వరమ్మ

బందరు,
23 ఆగస్టు 2003

అమ్మా నాగేశ్వరమ్మా,

నీ ఉత్తరంలో తప్పులు వెతికాను. ఒక్కటీ దొరకలేదు. దొరికి ఉంటే ఎంత సులువుగా ఉండేదో!

గ్లోబు నాకు గుర్తుంది. చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళిన నువ్వు గుర్తు లేవు. నిలదీస్తానన్న మనిషిని నాలుగు రోజులుగా నిలదీస్తూనే ఉన్నాను.

ఈ ఉదయం బడివేళకు ముందే పెడన వచ్చి నరసయ్య పాకకు వెళ్ళాను. "పంచె జాగ్రత్తండీ మాష్టారూ!" అంటూ అతడు కంగారుపడ్డాడు. సాయిదుర్గ నా చేయి పట్టుకొని అచ్చు వేయించి, "వంకరగా పడింది తాతగారూ, మీకు మార్కుల్లేవు" అంది. నలుపు ఎట్లా వస్తుందని అడిగాను. గుడ్డకు కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తారట. మా తాతగారు సిరా కాచుకున్నది కూడా కరక్కాయతో, ఇనుముతోనే! నా వేళ్ళకు సిరా అంటితే చదువుకు గుర్తని ఊరంతా చూపించుకు తిరిగాను. అదే నలుపు నీ చేతికంటితే మురికన్నాను.

ఈ కాగితం అంచున మరకలు నావి. మూడుసార్లు సబ్బుతో తోమాను, పోలేదు. సోమవారం సాయిదుర్గను వెంటబెట్టుకొని ఈ చేతులతోనే వస్తున్నాను. తలుపు మీది కాగితం నన్ను చింపనీ. నోట వినాలన్నావు కదా, ఆ మాట పిల్లలందరి ముందు చెబుతాను: తప్పు నాది.

సంచిలో ఒక గ్లోబు తెస్తున్నాను. అది బడికి కాదు, నీకు. చేతులు కడుక్కోవద్దు.

శోభనాద్రి