ఎర్రబద్ద

జూలై 9, సాయంత్రం

స్కేలు గారికి నమస్కారం.

లాయరు చేత రాయించిన కాగితాల్లో నిన్ను "మీరు" అన్నాను. ఉత్తరంలో అది నావల్ల కాదు. ఇక్కడ అమ్మా, నేనూ కులాసా. నీ జ్వరం తగ్గే ఉంటుందని అనుకుంటున్నాను.

ఇవాళ కోర్టుకి నీ తరఫున లాయరు ఒక్కడే వచ్చాడు. పిలిచేదాకా బయట హాల్లో కూర్చోమన్నారు. కూర్చుని తలెత్తితే ఎదురుగా మన గోడ. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం కలిసి చేసిన మొదటి పని. విడిపోయేవాళ్ళు ఎదురుచూసే హాల్లో గోడని చెక్కబద్దలతో అలంకరించమని కోర్టువాళ్ళు పని ఇస్తే ఎంత పోట్లాడుకున్నామో! బద్దలన్నీ నిటారుగా, సమానమైన ఎడంతో ఉండాలని నువ్వు పట్టుబట్టావు. బతుకు చెదిరి వచ్చినవాళ్ళకి గోడైనా తిన్నగా కనిపించాలన్నావు. అంత తిన్నని గోడ వాళ్ళని వెక్కిరిస్తుందని నేనన్నాను. కొన్నాళ్ళు మనకి మాటల్లేవు. చివరికి నీ వరసల మధ్య నా ఎర్రబద్ద ఒక్కటి, ఇదిగో పడిపోతున్నా అన్నట్టు ఏటవాలుగా నిలబడింది. నువ్వు మొహం ముడుచుకునే ఒప్పుకున్నావు.

నా పక్కన ఒక ముసలావిడ, ఆరేళ్ళ మనవరాలితో కూర్చుంది. ఆ పిల్ల అమ్మానాన్నలు లోపల జడ్జిగారి ముందున్నారు. పిల్ల ఎర్రబద్ద వైపే చూస్తూ, అది పడిపోతుందా అని నన్నడిగింది. పడదన్నాను.

"ఎవరు పట్టుకున్నారు?" అంది.

నేను గీసిన డ్రాయింగులో దానికి కింద మేకులే ఆధారం. లేచి వెళ్ళి బద్దకీ గోడకీ మధ్య సందులో చెయ్యి పెట్టి తడిమాను. వెనక సన్నటి ఇనుపకమ్మి తగిలింది. పక్కనున్న నీ నిటారు బద్దకి బిగించి ఉంది. ముందు నుంచి చూస్తే దాని జాడే తెలియదు. బిగించేటప్పుడు నేను అమ్మ దగ్గరున్నాను, దగ్గరుండి చేయించింది నువ్వే. వద్దు వద్దన్న మనిషివి, అది పడకుండా కాశావు. నాతో ఒక్క ముక్క అనలేదు.

పిల్ల చేతిని కూడా కమ్మికి తాకించాను. తృప్తిగా తలూపి వెళ్ళి అమ్మమ్మ ఒళ్ళో పడుకుంది.

నేను మాత్రం అక్కడే నిలబడి గోడంతా మళ్ళీ చూశాను. నీ బద్దలు అంత తిన్నగా లేకపోతే నాది ఎవరి కంటా పడేది కాదు. నాది లేకపోతే నీవి ఉత్త దడి. గోడ మీద కుదిరింది ఇంట్లో ఎందుకు కుదరలేదో నాకింకా అర్థం కాలేదు. వంటింట్లో డబ్బాలు పొడుగు ప్రకారం వరసలో లేవని నువ్వు అన్నం మానేసిన పూట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ పూట రాలేదు.

మన కేసు వచ్చే నెలకి వాయిదా పడింది. మందులు మధ్యలో ఆపకు.

ఇట్లు,
వంకర

తా.క. వాయిదా దానంతటది పడలేదు. విడిపోవడానికి సిద్ధమేనా అని జడ్జిగారు అడిగితే, ఇంకా ఆలోచించుకోవాలి, గడువు కావాలన్నాను. నా లాయరు నన్ను ఎగాదిగా చూశాడు. ఈసారి నువ్వూ రా. పిలిచేదాకా ఆ హాల్లో పక్కపక్కనే కూర్చుందాం.