లచ్చి మనవరాలు

మీకు,

నిన్న మీ సంవత్సరీకం ఏ లోటూ లేకుండా జరిపించాను. ఈ రోజు పొద్దున్నే మన బర్రె, లచ్చి మనవరాలు, మళ్లీ ఈసుకుపోయింది. కడుపులోని ఏడు నెలల దూడ, ఊపిరి లేకుండా పడింది. ఇది మూడోసారి.

మా అమ్మ నాకు అరణంగా ఇచ్చిన బర్రె సంతతిలో మిగిలింది ఇదొక్కటే. వాగులో మందుల కంపెనీల నురుగు కనబడిన నాటి నుంచి మీరు గొడ్లను అటు పోనివ్వలేదు. దీన్ని పుట్టినప్పటి నుంచి ట్యాంకరు నీళ్లతోనే పెంచాం. కంది ఊరి నుంచి వచ్చిన పశువుల డాక్టరుకు ఆ మాటే గట్టిగా చెప్పాను.

“ఇది తాగలే అవ్వా, దీని అమ్మమ్మ తాగింది గద,” అన్నాడాయన. “అప్పుడు దాని కడుపుల ఉన్న దూడకు గూడ ఆ మందులు అంటినయేమో. తల్లి నుంచి దీనికొచ్చింది. గదే అని ఒట్టేసి చెప్పలేను గని, ఈడ గిట్ల మస్తు చూస్తున్న.”

“బేరగాన్ని పిలుస్త, ఇగ అమ్మేద్దాం,” అన్నాడు మన కొడుకు.

“అరణపు గొడ్డును కోతకు పంపుతవారా?” అన్నాను.

పురుటికి వచ్చిన మన సుజాత కూతురు అరుగు మీద కూర్చుని అంతా విన్నది. డాక్టరు వెళ్లాక నెమ్మదిగా అడిగింది.

“అమ్మమ్మా, అమ్మ నీ కడుపుల ఉన్నప్పుడు మీరు ఏ నీళ్లు తాగిన్రు?”

“వాగు పక్క బాయి నీళ్లు. ఎండల కూసోకు, లోపలికి పో,” అని గద్దించాను.

నేను బరువెత్తకూడదని ఆ నీళ్లు రోజూ మీరే మోసుకొచ్చేవారని దానికి చెప్పలేదు.