ఎత్తు మరిచిన బంతి

1948 సెప్టెంబరు 19, ఆదివారం

పొద్దున ఎవరో తలుపు తడితే నాన్న భయపడుతూ తీశాడు. ఎదురుగా మా లెక్కల మాస్టారు, రహీం సాబు! నిజాం లొంగిపోయాక ముస్లింలు గడప దాటడానికి జంకుతున్నారు. ఆయన మాత్రం నా రుజువు చూడటానికి బోయిగూడ నుంచి మల్కాజ్‌గిరి దాకా నడిచి వచ్చారు.

బంతి మీద ఎక్కడా తెగకుండా మారే ఏ విలువనైనా, వేడి లాంటిదాన్ని, బహుపదులతో కావలసినంత దగ్గరగా పట్టుకోవచ్చని నేను రాశాను. ‘అవిచ్ఛిన్నం’ అన్న మాట దొరికిన సంబరంలో పేజీకి నాలుగుసార్లు వాడాను. మాస్టారు ఆ మాటను మెచ్చుకుని, ఒకచోట పెన్సిలు ఆపారు.

"నీ బహుపదులల్ల పొడవుంది, వెడల్పుంది. ఎత్తేది బిడ్డా?"

మరిచిపోయాను. ఎత్తు లేకపోతే బంతి నెత్తి, బంతి అడుగు బహుపదికి ఒకటే. అక్కడి వేడి వేరు, ఇక్కడి వేడి వేరు అని అది ఎప్పటికీ తెలుసుకోలేదు.

"బయట సుత గిట్లనే ఉంది," అన్నారాయన. "టోపీ చూస్తున్నరు గని, దాని కింద మనిషెవరో చూస్తలేరు."

"ఇయ్యాల ఈడనే ఉండుండ్రి సాబ్," అన్నాడు నాన్న.

"అమ్మీజాన్ ఇంట్ల ఒక్కతే ఉంది. సాయంత్రం మళ్ల వస్తా. ఎత్తు కలిపి రాసిపెట్టు, బిడ్డా."

రాసిపెట్టాను. దీపం వెలిగించినా ఆయన రాలేదు. బోయిగూడ వైపు ఏదో గోల వినబడిందని పక్కింటివాళ్లు అన్నారు. ‘అవిచ్ఛిన్నం’ అని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు...

తెల్లవారగానే నాన్నా నేనూ బోయిగూడ వెళ్తాం. వాళ్లు తలుపు తీయడానికి భయపడితే, వాకిట్లోనే నిలబడి "నేను ఎత్తు కలిపిన, మాస్టారూ!" అని అరుస్తాను. ఆ గొంతు ఎవరిదో ఆయన పోల్చుకుంటారు.