ఏప్రిల్ ముప్పైన చుక్క వెలగలేదు

ఆదోని,
18-8-1957.

చిరంజీవి అంజినమ్మకు మీ నాయన గిడ్డయ్య ప్రేమతో దీవించి రాసేది.

ఇక్కడ మీ అమ్మా నేనూ వేళకు ఇంత తిని, కాళ్ళూ చేతులూ ఆడుతూ బాగున్నాము. నువ్వు కూడా కర్నూలులో అట్లే ఉన్నావని నీ జాబు చూసి నిమ్మళపడ్డాము. జాబు పోయిన సోమవారం అందింది. నేను రెండుసార్లు చదువుకున్నాను. మీ అమ్మకు ఎన్నిసార్లు చదివి వినిపించానో చెప్పలేను.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. ఊళ్ళో ఫ్లూ జ్వరాలు తగ్గాయి. మన వీధిలో మంచం పట్టని ఇల్లు లేదు గాని, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఏప్రిల్‌లో కనబడిన తోకచుక్క వల్లనే జ్వరాలు వచ్చాయని మీ హాస్టలులో అన్నట్టే ఇక్కడా అన్నారు. మీ అమ్మ ఒప్పుకోలేదు. "అది దాని దావన అది పోతాంది. మనకు జరం తెచ్చిచ్చేంత తీరిక దానికి యాడుంది?" అని బావి దగ్గర అందరితో వాదం వేసుకుంది. వాన మొన్న బాగానే కురిసింది. ఎమ్మిగనూరులో మీ మామ హుసేనప్ప రెండో మగ్గం వేశాడు. మీ అవ్వ లేచి తిరుగుతోంది, నిన్ను తలుచుకుంటూ ఉంటుంది.

జూన్, జూలై నెలల్లో జాబులు స్టేషనులో నాతో పనిచేసే ఓబన్న చేతిరాతతో ఎందుకు వచ్చాయని అడిగావు. ఈ జాబులో అక్షరాలు ఇంత పెద్దగా ఎందుకున్నాయని కూడా అడుగుతావు. రెంటికీ జవాబు ఒక్కటే. రాస్తాను.

నీ పెద్ద ప్రశ్న వేరే ఉంది. "ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన నువ్వు వేసిన వెలుగు లెక్క మూడు. ముప్పైన ఆరు. తోకచుక్క ఉన్నట్టుండి భగ్గుమన్నదా నాయనా? ఆ రోజులవి మన ఊరి లెక్కలు తప్ప వేరే ఊళ్ళవి లేవు. సుభద్రమ్మ టీచరమ్మ వాటిని దుర్భిణుల్లో చూసే పండితులకు పంపబోతున్నారు. బాగా గుర్తు చేసుకుని రాయి" అన్నావు. మొదటినుంచి చెబితే గాని నీకు అర్థం కాదు.

ఏప్రిల్‌లో తోకచుక్కను చూడమని నువ్వు మొదట రాసినప్పుడు నవ్వుకున్నాను. హాస్టలు గేటు పొద్దు మునగకముందే మూసేస్తారు, వాయవ్యం దిక్కున చెట్లు అడ్డం, ఇంటిదగ్గర ఎవరైనా చూసి లెక్క పంపాలి అని మీ టీచరమ్మ కోరిక. నేనేమో ఇరవై ఏండ్లుగా పొద్దుగూకే వేళకు రైలు సిగ్నల్ స్తంభాలెక్కి దీపాలు వెలిగించేవాణ్ణి. ఏ వత్తి కత్తిరించాలో, ఏ గాజుకు మసి పట్టిందో దూరం నుంచే చెప్పేవాణ్ణి. ఇంత పనికి నన్ను అడగాలా అనుకున్నాను.

నువ్వు నేర్పిన పద్ధతి సులువుగానే ఉంది. బ్రహ్మహృదయం అనే పెద్ద చుక్క వెలుగు ఇరవై, ధ్రువుడిది పది, ధ్రువుడి పక్కన మిణుకుమనే చిన్న చుక్కది సున్న. తోకచుక్క తల వెలుగు ఏ రెంటి మధ్య వస్తే ఆ అంకె వేయాలి. ఆ తల దూదిపింజె మాదిరి ఉంటుంది గనుక, కళ్ళు సగం మూసి మామూలు చుక్కలను కూడా అట్లా చెదరగొట్టి పోల్చమన్నావు. నాకు కళ్ళు మూసే పని లేకుండానే చుక్కలన్నీ దూదిపింజెల్లా కనబడ్డాయి. ఈ విద్య నాకు తొందరగా పట్టుబడిందని మురిసిపోయాను. చూడు, నా తెలివి.

ఏప్రిల్ ఇరవై రెండున, స్టేషనుకు దూరంగా ఉండే ఔటర్ సిగ్నల్ ఎక్కి దీపం వెలిగించి తల తిప్పాను. కొండల వెనక ఇంకా ఎర్రదనం ఉంది. దానిపైన అది నిలబడి ఉంది. గాలి లేని పూట ఆగి ఉన్న ఇంజను పొగ నిటారుగా పైకి లేస్తుందే, అట్లా దాని తోక ఆకాశంలోకి లేచిపోయింది. సద్దు లేదు, కదలిక లేదు. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నిచ్చెన మీద రెండు చేతులతో ఇనుప చువ్వ పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. కిందికి దిగాక పద్నాలుగు అని రాసుకున్నాను. ఇరవై ఐదున తొమ్మిది. ఇరవై ఎనిమిదిన మూడు. ఎంత తొందరగా పోతున్నదో పాపం అనుకున్నాను.

ఇరవై తొమ్మిదిన మీ అవ్వకు బాగాలేదని హుసేనప్ప కబురు చేస్తే, సెలవు పెట్టి నేనూ మీ అమ్మా ఎమ్మిగనూరు పోయాము. ఎండాకాలం కదా, పొద్దు మునిగేసరికి సాలెవీధి అంతా మిద్దెల మీదికి చేరింది. అవ్వ మంచం కూడా పైనే. అమావాస్య చీకటి. మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఎవరి మిద్దె మీద వాళ్ళు వాయవ్యం దిక్కు తిరిగి నిలబడ్డారు. నేను మాత్రం కూర్చునే ఉన్నాను.

"లెయ్ బావా, సూడు" అన్నాడు హుసేనప్ప.

"ఏముంది సూసేకి? అది మాసిపాయ. ఇంగ కనపడదు" అన్నాను, తెలిసినవాడిలాగా.

"మాసిపోవడమేంది బావా! అద్దో, ఎదురు మిద్దె మీద ఇంతెత్తున నిలబడింటే!"

అతని చెయ్యి వెంబడి చూశాను. నల్లని ఆకాశం తప్ప ఏమీ లేదు. మంచంలో ఉన్న మీ అవ్వ మెల్లగా అంది: "నాకే కనపడ్తాంది గదప్పా. పొగ మాదిరి."

"తమాసాకన్నాలే, కనపడ్తాంది" అని నవ్వాను. అందరూ నవ్వారు. మీ అమ్మ నవ్వలేదు.

మరునాడు తిరుగు బస్సులో మీ అమ్మ కిటికీ బయట మేస్తున్న గొర్రెలను చూపించి, ఎన్ని ఉన్నాయో చెప్పమంది. నాకు తెల్లని మసక తప్ప గొర్రె కనబడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"దసరా అప్పట్నుంచి."

"నాకు సెప్పకుండా?"

"కండ్ల పరీచ్చలో తప్పితే పనిలోనుంచి తీసేస్తారే. పాప సదువు ఇంగా ఒక సమచ్చరముంది" అన్నాను.

ఆ సాయంత్రం నేను దీపాల నూనె డబ్బా ఎత్తుకుంటే, మీ అమ్మ సద్ది గిన్నె పట్టుకుని నా వెంట బయలుదేరింది. నేను స్తంభం ఎక్కితే కింద నిలబడి "వెలుగుతాంది" అనేది. ఆ మాట విన్నాకనే నేను కిందికి దిగేవాణ్ణి. పని అయ్యాక, పట్టాల పక్కన కంకర మీద నిలబడి, నువ్వు రాసిన చుక్కల గుర్తులన్నీ ఆమెకు చెప్పాను. ఒక్కసారి చెబితే చాలు, వెతికి పట్టుకుంది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరిన కళ్ళు కదా, తెలుపులో తెలుపు తేడా ఆమెకు తెలుసు.

"ధ్రువుని కన్నా తక్కువ. సిన్న సుక్క కన్నా బాగా ఎక్కువ. రెంటికీ నడిమిట్ల, రవ్వంత ధ్రువుని దిక్కుకు" అంది.

నేను ఆరు అని రాశాను. అది ఏప్రిల్ ముప్పై. అంజినమ్మా, ఆ రోజు చుక్క వెలగలేదు. చూసే కన్ను మారింది. అంతకుముందు అంత తొందరగా మసకబారింది కూడా చుక్క కాదు, నేను. అదీ మసకబారుతూనే ఉండింది గాని, నేను రాసినంతగా కాదు.

ఆ తరువాత లెక్కలన్నీ మీ అమ్మవే. ఐదు, మూడు, రెండు అని అంకె తగ్గుతూ పోయింది. ఆమె చెబుతుంటే నేను వింటూ చూసేవాణ్ణి. "ఈ పొద్దు ఇంగా పైకి పోయింది. తోక సన్నబడింది. ఉందో లేదో అన్నట్లుంది గాని, పక్కకు సూస్తే ఉంది" అనేది. ఒక సాయంత్రం, "ఇది మళ్ళా ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. మళ్ళీ రాకపోవచ్చని టీచరమ్మ చెప్పినట్టు నువ్వు రాశావు గదా, అదే చెప్పాను. "అంత దూరం నుంచి ఒక్కసారి కనపడేకి వచ్చిందా!" అంది. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. పెళ్ళై ఇరవై రెండేండ్లలో మీ అమ్మను అట్లా ఒకదాని ముందు నిలబడిపోగా నేను చూడలేదు. ఆ రోజు కూడా సరిగా చూడలేకపోయాను.

మే పదకొండున చెప్పుకోరాని సంగతి జరిగింది. గాజు తుడిచాననే అనుకుని దీపం లోపల పెట్టి దిగాను. మీ అమ్మ తలెత్తి, "ఆ పచ్చది అట్ల మబ్బుగా ఉందేమి?" అంది. అప్పటికే గుంతకల్లు దిక్కునుంచి గూడ్సు వస్తోంది. డ్రైవరు దీపం సరిగా కనబడక పొడుగ్గా కూత వేసి, బండిని నడక మాదిరి చేసి, స్తంభం దగ్గరికి వచ్చి బయటికి వంగి చూశాడు. "ఏందప్పా ఈ దీపం!" అని కేక వేసి పోయాడు. నేను మళ్ళీ ఎక్కి గాజు తీసి వేలితో రాస్తే, వేలంతా మసి.

ఇంటికి నడుస్తూ మీ అమ్మ అంది: "సుక్కకు తప్పు లెక్క రాస్తే సుక్క ఏమీ అనదు. బండ్లలో మనుషులుండారు."

"పాప సదువు?" అన్నాను.

"పాపకు సెప్పుకోలేని కూడు పెట్టి సదివిచ్చాల్నా మనము?"

పొద్దున్నే పోయి స్టేషన్ మాస్టరు గారి ముందు నిలబడి అంతా చెప్పాను. పోయిన దసరా నుంచీ దాచానని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పట్టుబడినాక చెప్పేవాళ్ళను చూసినాను గాని, నువ్వే వచ్చినావు గిడ్డయ్యా. ఆ మాట కూడా రాసి పంపుతా" అన్నారు. ఆ రోజే దీపాల పని ఓబన్నకు ఇచ్చారు. రైల్వే డాక్టరు చూసి రెండు కళ్ళకూ పొర వచ్చిందన్నాడు. పనిలోనుంచి తీసేయలేదు. పగటిపూట గూడ్సు షెడ్డులో పత్తి బేళ్ళ దగ్గర కాపలా వేశారు. జీతం కొంచెం తగ్గింది. నీ చదువుకు ఇబ్బంది లేదు, దాని గురించి నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

జూన్‌లో బళ్ళారి ఆసుపత్రిలో కుడికంటికి ఆపరేషన్ అయింది. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదపకుండా పడుకోబెట్టారు. మీ అమ్మ పక్కనే కూర్చుని నోట్లో అన్నం పెట్టింది. అందుకే ఆ జాబులు ఓబన్న రాశాడు. సెలవులకు రావద్దని నీకు రాసినప్పుడు జ్వరాల వంక చెప్పాము. జ్వరాలు నిజమే, కాని వంక కూడా నిజమే. నువ్వు వస్తే కట్టు చూసి చదువు మానేస్తావని భయపడ్డాము. తప్పు నాది, మీ అమ్మది కాదు. ఆమె మొదటి రోజు నుంచీ చెప్పమనే అంటోంది.

పోయిన శనివారం కళ్ళజోడు వచ్చింది. సీసా అడుగంత మందం. అన్నీ దగ్గరగా, పెద్దగా కనబడతాయి. మెట్టు ఒకచోట ఉంటే కాలు ఒకచోట పడుతుంది. అక్షరాలు కూడా చెయ్యి పట్టు చిక్కేదాకా ఇట్లే పెద్దగా వస్తాయి.

బుధవారం సాయంత్రం, మరునాటి స్వాతంత్ర్య దినానికి స్టేషనులో రంగు కాగితాలు కడుతుంటే, మీ అమ్మ షెడ్డు దగ్గరికి పరుగున వచ్చింది. "రా బిరీన. ఇంగొకటి వచ్చింది" అంది. నాకు నమ్మకం కలగలేదు. ఒక్క ఏడాదిలో రెండా? నా చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించి, యార్డు అవతల చేనిగట్టు మీద నిలబెట్టింది. వాన వెలిసి ఆకాశం కడిగినట్టు ఉంది. చంద్రుడు ఇంకా లేవలేదు.

మొదట సప్తర్షులు కనబడ్డారు, ఏడుగురూ. ఏడు చుక్కలు ఏడుగా కనబడి ఎన్నాళ్ళయిందో! మీ అమ్మ నా గడ్డం పట్టుకుని తల కిందికి తిప్పింది. అక్కడ ఉంది, అంజినమ్మా. తల ఒక వెలుగు ముద్ద. తోక వెడల్పుగా పరుచుకుని వంగి ఉంది, దాని పక్కనే సన్నగా, నిటారుగా ఇంకో తోక. దాన్ని కప్పి ఒక పొర లేదు, మసక లేదు. ఇరవై ఏండ్లు ప్రతి సాయంత్రం ఆకాశానికి అంత దగ్గరగా ఎక్కి, దీపం వెలిగించి దిగివచ్చానే తప్ప, తలెత్తి చూసింది ఎన్నిసార్లు? నా కంట నీళ్ళు వచ్చి చుక్క మళ్ళీ చెదిరిపోయింది. డాక్టరు ఏడవకూడదన్నాడని మీ అమ్మ కసిరింది.

సన్న తోక నాకు నీలంగా కనబడింది. మీ అమ్మకు తెల్లగానే ఉందట. పొర తీసిన కంటికి నీలం ఎక్కువగా తెలుస్తుందని బళ్ళారిలో చెప్పారు. టీచరమ్మను అడిగి రాయి. వెలుగు నాకు పదకొండు అనిపించింది. మీ అమ్మ తొమ్మిదే అంటుంది. ఇంటిదాకా వాదించుకున్నాము. రెండూ పంపుతున్నాను, ఎవరిది ఏదో పక్కన రాశాను.

టీచరమ్మకు నా తరఫున దండం పెట్టి ఈ జాబు మొత్తం చదివి వినిపించు. నీకు చిన్నతనం అనిపించినా సరే. ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా నా లెక్కలు కొట్టేయమను. పండితులకు రాసే కాగితంలో చుక్క భగ్గుమన్నదని రాయవద్దని చెప్పు. ముప్పై నుంచి మే పదకొండు దాకా లెక్కలు ఉంచవచ్చు, అవి నిజమైనవి. వాటి మీద నా పేరు తీసేసి, హులిగమ్మ, జిన్నింగు మిల్లు కూలి, ఆదోని అని రాయించు.

ఈ మాట రాస్తున్నానని చెబితే మీ అమ్మ, "నా పేరెందుకు? సూసినాను, అంతే గదా" అంది. కొంచెం ఆగి, "పేరు సరిగా రాస్తారా వాళ్ళు?" అని అడిగింది.

సరిగా రాయించు తల్లీ.

ఇట్లు,
మీ నాయన,
గిడ్డయ్య.